అర అంగుళం లోతు: వెలుతురు వైద్యాన్ని నమ్మిన ఒక రొమ్ము క్యాన్సర్ కేసు

ఆమె గాజువాకలో జాకెట్లు కుడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని, వయసు 54. ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందని నా దగ్గరికి మొదటిసారి వచ్చింది ఒక నవంబరులో, అప్పటికే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, బయాప్సీ అన్నీ చేయించుకుని ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఈ కేసు రాయమని అడిగింది కూడా ఆమే. కొడుకు కూడా ఒప్పుకున్నాడు. వాళ్లని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, నా తప్పుతో సహా.

గడ్డ సైజు 2.4 సెంటీమీటర్లు. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, అంటే పాల నాళాల్లో పుట్టి చుట్టుపక్కలకి పాకే రకం, గ్రేడ్ 2. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు రెండూ పాజిటివ్, అంటే హార్మోన్ మాత్రలకి లొంగే రకం, హెర్2 అనే ప్రోటీన్ పరీక్ష నెగటివ్. చంకలో చేతికి ఏమీ తగల్లేదు, స్కాన్‌లో కూడా గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. అంటే రెండో దశ, అందులోనూ మొదటి సగం. నెలసరి ఆగి ఐదేళ్లయింది, షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది. క్యాన్సర్ రావడంలో అదృష్టం ఏముంటుంది అనొచ్చు గానీ, వచ్చినవాళ్లలో ఇలా దొరకడం అదృష్టమే. రొమ్ము మొత్తం తీయక్కర్లేదు, గడ్డ వరకూ తీసి, చంకలో మొదటి గ్రంథి ఒకటో రెండో పరీక్షకి పంపి, తర్వాత రేడియేషన్, ఆపైన కొన్నేళ్లు హార్మోన్ మాత్రలు. కీమో అవసరమా కాదా అన్నది ఆపరేషన్ రిపోర్టు వచ్చాక తేలేది.

అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఇంకొక వాక్యం ఉంది. గడ్డ పైఅంచు చర్మం నుంచి 12 మిల్లీమీటర్ల లోతులో ఉంది, కింది అంచు 32 దగ్గర. మేం సర్జన్లం ఆ లైను మీద కళ్లు ఒక్క క్షణం నిలిపి ముందుకు పోతాం. ఈ కేసంతా ఆ ఒక్క లైనులోనే ఉందని నాకు పది నెలల తర్వాత అర్థమైంది.

ఆ రోజు కొడుకు కూడా వచ్చాడు. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో కెమిస్టు, ఎమ్మెస్సీ చదివాడు. ఫోనులో ఒక పరిశోధన పేపరు తీసి చూపించి, "మేడం, ఆపరేషన్ లేకుండా లైటుతో కరిగించే పద్ధతి ఉందట కదా, రంగు మందు ఇచ్చి లేజర్ వేస్తారట, ఇది పసరు వైద్యం కాదు, సైన్సే" అన్నాడు. నేను పేపరు చూడలేదు. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. "అవన్నీ నమ్మకండి, అలాంటివాటితో టైమ్ పోతుంది, వచ్చే వారం ఆపరేషన్ పెట్టుకుందాం" అన్నాను. అంతే. మహా అయితే నాలుగు నిమిషాలు. ఆమె నా మొహం కేసి చూసి, సంచి మడిచి, "సరే అమ్మా" అని లేచి వెళ్లిపోయింది. వచ్చే వారం రాలేదు.

ఆ అబ్బాయి చెప్పింది నిజమే, అది సైన్సే. అబద్ధమని కొట్టిపారేయడం నా తప్పు. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీసియా అనే ఏకకణ జీవుల్ని పెంచుతూ, వెలుతురు ఎక్కువ పడినప్పుడు అవి చచ్చిపోతున్నాయని, చీకట్లో బతుకుతున్నాయని గమనించాడు. అతని గురువు టాపైనర్ 1903లో ఇయోసిన్ రంగు పూసి చర్మం మీది గడ్డలకి వెలుతురు వైద్యం చేశాడు. అక్కడి నుంచి వచ్చిందే ఫోటోడైనమిక్ థెరపీ. రంగు మందు కణంలోకి చేరుతుంది, దానికి సరిపోయే రంగు వెలుతురు పడితే శక్తి పుంజుకుని పక్కనున్న ఆక్సిజన్‌కి అందిస్తుంది, ఆ ఆక్సిజన్ సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారి పుట్టినచోటే కణాన్ని కాల్చేస్తుంది, వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం కూడా సరిగ్గా పోలేదు. అందుకే దీని దెబ్బ వెలుతురు పడినచోటే ఉంటుంది. మందు, వెలుతురు, ఆక్సిజన్, ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఏమీ జరగదు.

అబ్బాయి చూపించిన పేపరు 1978లో అమెరికాలోని బఫెలో నుంచి వచ్చింది, రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ ఆసుపత్రిలో థామస్ డౌర్టీ బృందం రాసింది. 25 మంది రోగులు, 113 గడ్డలు, వాటిలో 111 పూర్తిగానో కొంతవరకో తగ్గాయి. ఆ 25 మందిలో రొమ్ము క్యాన్సర్ వాళ్లు కూడా ఉన్నారు. ఒక్కసారి కొడుకు స్థానంలో ఉండి ఆలోచించండి. అమ్మకి రొమ్ము క్యాన్సర్, డాక్టరు కోస్తానంటోంది, చేతిలో ఉన్న పేపరు 113లో 111 అంటోంది. నేనైనా వెళ్లేదాన్నేమో.

పేపరు సారాంశంలోనే ఉన్న మాటని మాత్రం అతను దాటేశాడు: ఆ గడ్డలన్నీ చర్మంలోనూ చర్మం కిందా ఉన్నవి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, రేడియేషన్ కూడా అయ్యాక, కొందరికి ఛాతీ చర్మం మీద చిన్న చిన్న బుడిపెల్లా మళ్లీ వస్తుంది. అలాంటివాళ్లకి ఇంకే దారీ లేనప్పుడు ఈ వైద్యం ప్రయత్నించారు, ఆ తర్వాత కూడా అనేక చోట్ల ప్రయత్నించారు, నొప్పి, పుళ్లు, రసి తగ్గి ఉపశమనం వచ్చినవాళ్లు ఉన్నారు. లోపల కూర్చున్న మొదటి గడ్డ సంగతి పూర్తిగా వేరు.

పది నెలల తర్వాత, సెప్టెంబరులో మళ్లీ వచ్చింది. ఈసారి కొడుకు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

వేరే రాష్ట్రంలో ఒక సెంటర్‌కి వెళ్లారట. నాలుక కింద వేసుకునే ఆకుపచ్చ చుక్కల మందు, పత్రహరితం నుంచి తీసిందని చెప్పారు, సీసా మీద మందు పేరు గానీ మోతాదు గానీ లేవు. వేసుకున్న మర్నాడు ఎర్ర లైట్లున్న మంచం మీద పడుకోబెట్టి గంటసేపు ఉంచేవారు. విడతకి ఆరు రోజులు, అలా ఐదు విడతలు. రైలు ఛార్జీలు, లాడ్జి కాక 3 లక్షల 60 వేలు. రెండు గాజులు, ఒక గొలుసు తాకట్టులో ఉన్నాయి. ఆమె ఇంటి నుంచి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఆటోలో వెళ్లిపోవచ్చు, తెల్లకార్డు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ జరిగిపోయేవి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

మూడో విడత అయ్యాక ఏప్రిల్ చివర్లో చందనోత్సవానికి సింహాచలం వెళ్లింది, మొక్కు. క్యూలో ఎండలో నాలుగైదు గంటలు. సాయంత్రానికి మొహం, మెడ, ముంజేతులు ఎర్రగా కందిపోయి, మర్నాటికి నీటి పొక్కులు లేచాయి. చీర కొంగు కప్పిన చోట మాత్రం ఏమీ లేదు, గీత గీసినట్టు. ఆ మందులో ఏముందో కాగితం లేదు కాబట్టి దానివల్లే అని నేను రాసివ్వలేను, కానీ ఈ జాతి మందులకి తెలిసిన దుష్ఫలితం ఇదే. 1912లో మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టరు హిమాటోపోర్ఫిరిన్ అనే ఇదే కోవ మందుని తనకు తానే 200 మిల్లీగ్రాములు ఎక్కించుకుని ఎండలోకి వెళితే మొహం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది, వారాల తరబడి ఎండ పడలేదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఈ వైద్యానికి వాడే ఫోటోఫ్రిన్ అనే మందు ఇచ్చినా కనీసం 30 రోజులు ఎండలోకి రావద్దని రాసి మరీ ఇస్తారు. విశాఖలో మే నెల ముందు ఒక మనిషికి అలాంటి మందు ఇచ్చి ఎండ గురించి ఒక్క మాట చెప్పకపోవడం నా లెక్కలో నేరం.

గడ్డ గట్టిపడుతోంది, లాగుతోంది అని ఆమె చెబితే, గడ్డ చస్తోంది కాబట్టే నొప్పి అన్నారట. మధ్యలో రెండుసార్లు థర్మోగ్రఫీ తీసి ఎరుపు పోయి నీలం వచ్చింది చూడండి అని బొమ్మ ఇచ్చారు. అది చర్మం వేడిని చూపే బొమ్మ, లోపలి గడ్డ పెరిగిందో తగ్గిందో చెప్పలేదు. పది నెలల్లో ఒక్కసారి కూడా అల్ట్రాసౌండ్ చేయలేదు. స్కేలు పెట్టి కొలవలేదు. ఇది చెప్పినప్పుడు ఆమె మొదటిసారి కోపంగా మాట్లాడింది. "కొలత తియ్యకుండా జాకెట్టు కుడితే నన్ను ఊరుకుంటారా అమ్మా?"

మేం కొలిచాం. 4.4 సెంటీమీటర్లు. చర్మం లోపలికి లాక్కుపోయి చిన్న గుంట పడింది. చంకలో గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. ఎముకల స్కాన్, ఛాతీ, పొట్ట సీటీ చేయించాం, ఆ నాలుగు రోజులు నాకూ టెన్షనే, వేరే చోటికి ఎక్కడికీ పాకలేదని వచ్చింది. మూడో దశ, ఎ.

ఈసారి ఓపీ అయిపోయేదాకా కూర్చోమని, సాయంత్రం తలుపు వేసి మాట్లాడాను. కొడుకు లోపలికి వచ్చాడు. సెంటర్‌లో మొదటి రోజు వాళ్లకి ఒక ప్రయోగం చూపించారట, ఎర్ర లైటు అరచేతి కింద పెడితే చెయ్యంతా ఎర్రగా వెలిగింది, చూశారా వెలుతురు మాంసంలోంచి ఎలా దూసుకుపోతోందో అన్నారు. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు మనందరం టార్చిలైటుతో చేసిన పనే. నేను గదిలో లైటు తీసేసి, ఫోను టార్చి ఆమె అరచేతి కింద పెట్టాను. వెలిగింది. "ఈ వెలుతురులో సూదిలో దారం ఎక్కించగలవా అమ్మా?" అన్నాను. ఆమె చాలాసేపు చేతిని చూసుకుంది. "లేదమ్మా" అంది.

అక్కడే ఉంది విషయమంతా. వెలుతురు కొంత పోతుంది, పని చేసేంత పోదు. కంటికి రవ్వంత చాలు, మందుకి లెక్క ప్రకారం కావాలి. ఆమె మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూనే ఉంటుంది, ఆ రోజు కూడా ఉంది. దాన్నే అడిగి తీసుకుని బల్ల మీద పరిచాను. ఈ వైద్యంలో ఎక్కువగా వాడే 630 నానోమీటర్ల ఎర్ర వెలుతురు ఒంట్లో ఉపయోగపడే లోతు సుమారు 5 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు పావు అంగుళం. కొవ్వుని బట్టి, నెత్తుర్ని బట్టి కొంత అటూఇటూ అవుతుంది, ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యం వాడితే కాస్త లోపలికి పోతుంది, అంతే. లెక్క సులువుగా ఉండటానికి ప్రతి 4 మిల్లీమీటర్లకీ వెలుతురు మూడో వంతుకి పడిపోతుందనుకుందాం అన్నాను. 4 దగ్గర మూడో వంతు, 8 దగ్గర తొమ్మిదో వంతు, 12 దగ్గర ఇరవై ఏడో వంతు. ఆమె గడ్డ మొదలైంది 12 దగ్గర, అర అంగుళం. కింది అంచు 32. కొడుకు ఫోనులో లెక్కేశాడు. 6,561లో ఒక వంతు. అతను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు, ఇంక మాట్లాడలేదు.

కాసేపటికి ఆమే అంది, "ఈ మాట ఆ రోజే సెప్పుంటే నాను ఎల్లేదాన్ని కాదు కదమ్మా."

నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు కూడా అదే టేపు ఆమె మెడలో ఉంది, అదే 12 మిల్లీమీటర్ల రిపోర్టు నా చేతిలో ఉంది.

కొడుకు తర్వాత ఇంకో రోజు వచ్చి మంచి ప్రశ్న అడిగాడు. పైనుంచి పోకపోతే సన్నని ఫైబర్‌ని సూదిలా గడ్డలోకే దించి వెలుతురు ఇవ్వొచ్చు కదా? ఇవ్వొచ్చు, అలా చేస్తున్నారు కూడా, లోతుగా ఉన్న అవయవాల్లో ఆ పద్ధతిని పరిశోధిస్తున్నారు, రొమ్ములో కూడా మొదటి దశ ప్రయోగాలు జరిగాయి. కానీ ఇది ఇంకా ఆపరేషన్‌కి బదులు పెట్టగలిగే వైద్యం కాదు. గడ్డ అంచుల్లో ఒక మిల్లీమీటరు వదిలేసినా మళ్లీ రావచ్చు, ఆపరేషన్ చేస్తే ఆ అంచుల్ని పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి చెబుతారు, వెలుతురుతో కాలిస్తే చూడటానికి ముక్క ఉండదు. గడ్డల నడిబొడ్డున ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, ఆక్సిజన్ లేకపోతే ఈ మందు పనే చేయదు. అన్నిటికన్నా ముఖ్యం, వెలుతురు చంకలోకి, నెత్తుట్లోకి జారిపోయిన కణాల్ని అందుకోలేదు. ఆమె విషయంలో జరిగింది అదే. నిజమైన ట్రయల్ ఉంటే నేనే పంపుతాను. ఒక్కటి చూసుకోవాలి, అది మన దేశంలో సీటీఆర్ఐ అనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది, పరీక్షిస్తున్న మందుకి రోగి దగ్గర డబ్బు అడగరు.

ఈ వైద్యం నిలబడిన చోట్లు చూస్తే అన్నీ వెలుతురు అందే చోట్లే. అమెరికాలో ఫోటోఫ్రిన్‌కి 1995లో అన్నవాహిక క్యాన్సర్‌కి, 1998లో ఊపిరితిత్తుల గొట్టాల్లో వచ్చేదానికి అనుమతి వచ్చింది, రెండు చోట్లా ఎండోస్కోపుతో లోపలికి వెళ్లి గోడ మీద వెలుతురు వేస్తారు. చర్మం మీద క్యాన్సర్‌కి ముందు దశలో వచ్చే మచ్చలకి వాడతారు. వెర్టిపోర్ఫిన్ అనే ఇదే కోవ మందుని కంటి డాక్టర్లు రెటీనా జబ్బుకి వాడుతున్నారు. రొమ్ము క్యాన్సర్‌కి మాత్రం ప్రామాణిక వైద్యంగా ఏ పెద్ద మార్గదర్శకాల్లోనూ లేదు.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది, చెప్పి తీరాలి. రేడియేషన్‌ని మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. "అదీ లైటే, ఇదీ లైటే, ఇందులో జుట్టు ఊడదు" అని ఆ సెంటర్‌లో ఎవరో చెప్పారట. రేడియేషన్‌లో వాడే ఎక్స్ కిరణాలు ఒంటిని అవతలికి దాటిపోగలవు, ఎర్ర లైటు పావు అంగుళం దాటడానికి ఆయాసపడుతుంది. పైగా రొమ్ముకి పెట్టే రేడియేషన్‌తో తల మీద జుట్టు ఊడదు, ఊడేది కీమోతో. రంగు మందు సంగతి కూడా అలాంటిదే. చంకలో మొదటి గ్రంథిని పట్టుకోవడానికి ఆపరేషన్‌లో మేం మెథిలీన్ బ్లూ ఎక్కిస్తాం, మర్నాడు మూత్రం పచ్చగా నీలంగా వస్తే రోగులు భయపడతారు. అది దారి చూపించడానికే, వైద్యం కాదు. ముందే చెప్పకపోతే ఎవరో వచ్చి ఆ రంగే మందని నమ్మించేస్తారు.

వైద్యం విషయానికి వస్తే, ఆపరేషన్ ముందు కీమో మొదలుపెట్టాం. ఏసీ అనే రెండు కీమో మందుల జోడీ నాలుగు సైకిళ్లు మూడు వారాలకొకటి, తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు వారం వారం పన్నెండు. మూడో ఏసీ తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరంతో నాలుగు రోజులు అడ్మిట్ అయింది, తొమ్మిదో పాక్లిటాక్సెల్ నుంచి వేళ్ల కొసలు మొద్దుబారడం మొదలైంది, కుట్టుపని మనిషికి అది చిన్న సంగతి కాదు. మోతాదు తగ్గించి పూర్తి చేశాం. గడ్డ 1.8కి తగ్గింది కానీ ఒక ముద్దలా చిన్నది కాకుండా చెల్లాచెదురుగా మిగిలింది, చర్మం దగ్గర ఇంకా పట్టి ఉంది. కాబట్టి ఏప్రిల్‌లో రొమ్ము మొత్తం, చంకలో గ్రంథులు తీయాల్సి వచ్చింది. 14 గ్రంథుల్లో 3టిలో మిగిలి ఉంది. అంచులు శుభ్రం. రేడియేషన్ మూడు వారాల్లో 15 రోజులు, ఛాతీకీ మెడ కింది భాగానికీ. తర్వాత లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర, ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం.

మొదటి నవంబరులోనే ఆపరేషన్ చేయించుకుని ఉంటే రొమ్ము మిగిలేది, చంకలో ఒకటీ రెండూ తప్ప గ్రంథులు మిగిలేవి, బహుశా కీమో కూడా తప్పేది. 2018లో అమెరికాలోని యేల్ పరిశోధకులు ఒక విశ్లేషణ వేశారు, అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకి మరణం ముప్పు 5 రెట్లకు పైగా ఉంది. ఆమెకి ఈ అంకె నేను చెప్పలేదు, అడిగితే చెబుతాను. ఆమె మిగతా వైద్యం అంతా ఒక్క రోజు తప్పకుండా చేయించుకుంది, మళ్లీ జబ్బు వచ్చే అవకాశం మొదటిసారి కంటే ఎక్కువే అయినా చెయ్యాల్సినవన్నీ చేశాం.

నా గదిలో ఒక మార్పు చేశాను. ఎవరైనా ఫోను తీసి ఏదైనా చూపిస్తే పూర్తిగా చదువుతాను, ఆ రోజు కుదరకపోతే ఇంకో రోజు సాయంత్రం రమ్మంటాను. లైటు వైద్యం గురించి అడిగితే అల్ట్రాసౌండ్ రిపోర్టులో లోతు ఎంతుందో వాళ్ల చేతే చదివిస్తాను. వేరే చోటికి వెళ్లాలనే అనుకుంటే తిట్టను, ఆరు వారాలకి ఒక అల్ట్రాసౌండ్ ఇక్కడే చేయించుకోండి, కొలత పెరిగితే వెంటనే రండి, తలుపు తెరిచే ఉంటుంది అంటాను. ఆమెకి ఆ రోజు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే జనవరిలోనే వచ్చేసేది.

ఆపరేషన్ అయి 14 నెలలైంది. జబ్బు జాడ లేదు. చంక గ్రంథులు తీసేయడంతో ఎడమ చెయ్యి వాచింది. బిగుతు స్లీవ్ తొడుక్కుంటుంది, ఫిజియో నేర్పిన వ్యాయామాలు చేస్తుంది. మిషను మీద ఇప్పుడు రెండు గంటలు కూర్చోగలుగుతోంది, చేతులు కుట్టడం కోడలికి అప్పగించి కటింగ్ మాత్రం తనే చేస్తోంది. ప్రతి ఆదివారం ఆ టేపుతోనే మోచేతికి నాలుగు అంగుళాల కింద రెండు చేతులూ కొలిచి, కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీలో రాసి పెడుతోంది. జనవరిలో రెండు చేతులకీ తేడా అంగుళంన్నర ఉండేది. పోయిన ఆదివారం ముప్పావు అంగుళం.